పందిరికి పనికిరాని వెదురు

మొన్న మా గృహప్రవేశానికి వచ్చినవాళ్ళలో ఒకామె గాజు గిన్నెలో నీళ్ళు పోసి, నాలుగు పచ్చ పుల్లలు నిలబెట్టి, వాటి నడుముకు ఎర్ర దారం చుట్టి తెచ్చింది. "లక్కీ బాంబూ టీచర్. ఇంట్లో వెదురుంటే లక్ష్మి నిలుస్తాదంట. మేమూ హాల్లో తూర్పు వైపు పెట్టుకున్నాం" అని నవ్వుతూ నా చేతిలో పెట్టింది.

ఆమె ఒకప్పుడు ఆదోనిలో నా దగ్గర చదువుకున్న పిల్ల. అక్కడ పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీ నడిపిన షావుకారు కూతురు. ఆ పిల్ల తప్పేమీ లేదు కాబట్టి నోరు మూసుకుని గిన్నె తీసుకున్నాను. భోజనాలయ్యి అందరూ వెళ్ళాక దాని ముందు కూర్చుంటే మాత్రం ఒళ్ళు మండిపోయింది. కోపం తగ్గించుకోమని డాక్టరు చెప్పాడు. చెప్పనీ. ఆ నాలుగు పుల్లలు అసలు వెదురే కాదు, అది వేరే ఏదో మొక్క. అసలైన వెదురును పెరట్లో పెంచినందుకు ఒక మనిషిని ఏళ్ళ తరబడి కాల్చుకుతిన్న వీధి ఆ పిల్ల వాళ్ళది. ఆ వీధే ఇప్పుడు గాజు గిన్నెల్లో వెదురు పెట్టుకుని లక్ష్మిని పిలుస్తోందంటే ఎవరికి మండదు?

ఆ మనిషి మా బళ్ళో హిందీ చెప్పేది. డెబ్భైల్లో నేను ఎమ్మిగనూరు నుంచి కొత్తగా ఉద్యోగానికి ఆదోని వచ్చి, ఆమె ఇంట్లోనే పక్క గది అద్దెకు తీసుకున్నాను. బళ్ళో నన్ను టీచర్ అనేది. ఇల్లు చేరగానే "ఏమ్మే" అనేది. నేను అక్కా అనేదాన్ని. పొట్టి మనిషి, గొంతు మాత్రం గంట కొట్టినట్టుండేది. ఏ వస్తువు చేతికొచ్చినా వేలి కణుపులతో టకటకా కొట్టి చూసేది. కుండైనా, గుమ్మడికాయైనా, కొత్తగా వచ్చిన బల్లైనా సరే. ఒకసారి హెడ్మిస్ట్రెస్ గది తలుపును కూడా అట్లాగే కొట్టి, "లోపల సెద పట్టినాది, సూపించుకోండి" అని చెప్పి వచ్చింది. ఆ తలుపు ఆ ఏడే ఊడి కింద పడింది. మంచి మాట చెప్పినందుకు ఆమెతో హెడ్మిస్ట్రెస్ చాలా కాలం మాట్లాడలేదు. ఆమె బతుకంతా ఇట్లాంటి మర్యాదలే దొరికాయి.

వాళ్ళ పెరటి తూర్పు గోడకు అవతలే షావుకారు ఫ్యాక్టరీ. ఆదోనిలో దాన్ని జిన్ను అంటారు. కార్తీకం మొదలుకొని ఎండాకాలం దాకా పత్తి సీజను. ఆ నెలల్లో గాలి కూడా తూర్పు నుంచే తోలేది. పత్తి నూగు గోడ దాటి వచ్చి ఆరేసిన బట్టల మీద, పాల గిన్నె మీద, నిద్రపోయేవాళ్ళ కనురెప్పల మీద వాలేది. ఆమె భర్త ఆ జిన్నులోనే గుమాస్తాగా పనిచేసి, ఉబ్బసం తెచ్చుకుని, పని మానుకుని ఇంట్లో కూర్చున్నాడు. సీజనంతా ఆయనకు పడుకునే యోగం లేదు. గోడకు దిండ్లు ఆనించుకుని, కూర్చునే కునుకు తీసేవాడు. షావుకారుకు ఆయన దూరపు చుట్టం కూడా. చుట్టరికం అన్న మాటే గానీ, ఎట్లున్నావని ఒక్కనాడు వచ్చి అడిగిన పాపాన పోలేదు.

గోడ మీద ఒక వరస జాలీ అన్నా కట్టించమని అక్క వెళ్ళి అడిగితే ఆ షావుకారు ఏమన్నాడో తెలుసా? "పత్తి ఊర్లో ఉంటా నూగు పడగూడదంటే ఎట్లమ్మా" అన్నాడు. అక్క తిరిగొచ్చి పెరట్లో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది. గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "వాడు కట్టడు మే. మనమే కడదాము, పచ్చగోడ" అంది.

అట్లా మొదలైంది వెదురు. ఆదోని ఎండకు, నల్లరేగడికి, దయతలచి వచ్చే కొళాయి నీళ్ళకు ఏ వెదురు తట్టుకుంటుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. మొదట ఎవరో నర్సరీ నుంచి పసుపు రంగు మీద పచ్చ చారలున్న రకం తెచ్చిచ్చారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తొలి ఎండాకాలానికే ఆకులు కాగితాల్లా చుట్టుకుపోయాయి. "దీనికి సోకే గానీ సత్తువ లేదు" అని పీకి పారేసింది. ముళ్ళ వెదురైతే చావదు, దడిలా దట్టంగా అల్లుకుంటుంది అన్నారు ఇంకొకరు. అదీ వద్దంది. ముళ్ళున్న పొదలోకి చెయ్యి పోదు, చెయ్యి పోకపోతే లోపల ముదిరిన గడలు తీయలేం, తీయకపోతే పొద తన బరువుకు తానే కుళ్ళుతుందని ఆమె వాదన. ఆ మాట నిజమే అయింది. స్టేషన్ దగ్గర ఒక బంగళాలో ముళ్ళ వెదురు మధ్యలో ఎండి, చివరికి నిప్పు పెడితే గానీ పోలేదు.

ఆఖరికి మా మేనమామ పెరడు గుర్తొచ్చి నేనే ఆమెను ఎమ్మిగనూరు తీసుకెళ్ళాను. మా వాళ్ళది మగ్గాల ఇల్లు. మగ్గానికి కావలసిన గడల కోసం మామ వెదురు వేశాడు. కాలవ పక్కన నిండు పొదలు కొన్ని, దూరంగా గట్టు మీద బక్క పొద ఒకటి. రెండూ ఒకే రకం, పోలీసుల లాఠీలకు వాడే గట్టి వెదురు. మామ గొప్పగా కాలవ పక్కన పొదలు చూపించాడు. ఆమె వాటిని వేలి కణుపులతో కొట్టింది, ఊపింది, వేళ్ళ దగ్గర మన్ను నలిపి చూసింది. తర్వాత నేరుగా గట్టు మీదికి నడిచింది.

"దీనికి నీళ్ళెవరు పెడతారన్నా?"

"దానికెవురు పెడతారమ్మా. వానొస్తే తాగుతాది, లేకుంటే ఎండుతాది, మళ్ళా సిగురిస్తాది."

"నాకిదే కావల్ల. కాలవ పక్కన ఎవురైనా లావెక్కుతారు" అంది అక్క. మామ మొహం చిన్నబోయింది. అయినా గట్టు పొద అంచున వేరుగడ్డలు తవ్వి, తడి గోతాంలో కట్టి ఇచ్చాడు. శ్రావణమాసం, బస్సంతా ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళకు పోయే జనం. ఆమె ఆ గోతాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, చీర నిండా బురదతో ఆదోనిలో దిగింది.

నాటడం అంటే గుంత తీసి పెట్టడం అనుకున్నాను నేను. ఆమెకు అదొక పెద్ద లెక్క. గోడకు ఆనించి వద్దంది. పొద ఒళ్ళు చేసి గోడను తోస్తే షావుకారు మనల్నే అడుగుతాడంది. బావికి దూరంగా, గోడకు మనిషి పడుకునేంత ఎడంగా, రెండు వరసలు. ముందు వరస సందులకు వెనక వరస మొక్క అడ్డం రావాలి. ఇంటివైపు పాకకుండా నాపరాళ్ళు నిలువుగా పాతించింది. గుంతల్లో పొయ్యి బూడిద, పెంట, ఆ పైన పెరట్లో ఊడ్చిన పత్తి నూగు. "వాళ్ళ సెత్తతోనే వాళ్ళకు గోడ" అని ఆ పూట ఒక్కసారి నవ్వింది. బట్టలుతికిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు అన్నీ కాలవ చేసి దానికే మళ్ళించింది.

మొక్క బతికిందో లేదో తెలియకముందే వీధి నోరు తెరిచింది. తూర్పు దిక్కు మూస్తారా ఎవరైనా, వాస్తు ఏం కావాలి అని మొదలుపెట్టారు. ఇంట్లో రోగం మనిషిని పెట్టుకుని పాడె చెట్టు పెంచుతారా అని ఇంకొందరు. ఆయన మంచం మీద కూర్చుని ఎగశ్వాసతో కొట్టుకుంటుంటే ఒక్కరికీ పట్టలేదు గానీ, మొక్క నాటగానే అందరికీ ఆయన ఆయుష్షు మీద బెంగ పుట్టుకొచ్చింది. అక్క వాళ్ళకు ఒకటే మాట చెప్పింది. "మీ వాస్తు మా ఇంటాయప్పకు ఊపిరిస్తాదంటే సెప్పండి, ఇప్పుడే పీకేస్తా."

మూడు నాలుగేళ్ళకు పచ్చగోడ లేచింది. సీజన్లో దాని తూర్పు ముఖం తెల్లగా, ఇంటివైపు ముఖం పచ్చగా ఉండేది. నూగంతా ఆకులకే చుట్టుకునేది. సాయంత్రం బకెట్టుతో నీళ్ళు విసిరి కడిగేది ఆమె. కిందపడ్డ నూగును పొద మొదట్లోనే తొక్కిపెట్టేది. ఆ చలికాలం ఒక మధ్యాహ్నం ఆమె నన్ను చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి లోపలికి చూడమంది. ఆయన మంచం మీద నడుం వాల్చి, కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నాడు. ఆమె కిటికీ చట్రాన్ని కణుపులతో ఒకసారి మెల్లగా కొట్టి వెళ్ళిపోయింది.

గడలు గోడ మీదుగా వీధికి కనిపించాయి. అప్పుడు వచ్చారు మన జనం.

మా వైపు పాడెకు పచ్చి వెదురే కావాలంటారు. అడవి లేని ఊరు, కర్రల అడితికి పోయి కొని తెచ్చుకోవాలి. పక్కనే పెరట్లో ఉంటే ఇంక అడితికి ఎవరు పోతారు? వెనక సందులోంచి దొడ్డి తలుపు కొట్టేవాళ్ళు. "అమ్మా, ఫలానా ఆయప్ప పోయినాడు, రెండు బొంగులు కావాల." చావుకు అడిగితే కాదనకూడదు. ఆమె కాదనలేదు. ముందు వెళ్ళి ఆయన గది కిటికీ మూసేది, తర్వాత తలుపు తీసేది. లోపలివైపు ముదిరిన గడలు కొట్టుకోండని చెప్పేది. వాళ్ళు వింటారా? లోపలికి దూరే ఓపిక ఎవరికుంది? చేతికందిన లేత గడలు, ముందు వరసవి, ఏపుగా ఉన్నవి నరుక్కుపోయేవాళ్ళు. పచ్చగోడలో కంత పడేది. ఆ కంతలోంచి నూగు సూటిగా కిటికీకి వచ్చేది. ఆమె పాత చీరలు తెచ్చి కంతకు అడ్డం కట్టేది. కొత్త గడ లేచేదాకా ఆయన మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చునే నిద్ర.

కిటికీ మూసినా ఆయనకు నరుకుడు వినిపించేది. "ఈసారి ఎవురు?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది.

"రెండేనా కొట్టింది?"

"మూడు."

"మూడోది దేనికి?"

"అడ్డం పుల్లలకంట."

"పోనీలే" అనేవాడు ఆయన, దగ్గు మధ్యలో. ఆ పోనీలే వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఎవరిది ఎవరు పోనివ్వాలి?

పాడె సామాను కోసం వచ్చినవాళ్ళు వస్తామని చెప్పకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. అది పద్ధతి. "ఒక్కడన్నా ఎనక్కి తిరిగి సూడడే మే" అని ఆమె ఒకసారి అంటే నేను ఆ పద్ధతి గుర్తుచేశాను. ఆమె నా మీద విరుచుకుపడింది. "ఆ దినం సూడొద్దు, సరే. ఆ మర్నాడు ఎందుకు సూడరు? పండగకు ఎందుకు సూడరు?" నిజమే. ఆ వీధిలో ఏ పేరంటానికీ ఆమెకు పిలుపు వచ్చేది కాదు. ఆ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే చంకలో బిడ్డ ఉన్న ఆడవాళ్ళు అటు పక్కగా నడిచేవాళ్ళు. అది పాడెల ఇల్లు అట. పాడెలు కట్టుకున్నది ఎవరు? వాళ్ళే. ఆ పేరు పెట్టింది ఎవరు? వాళ్ళే. సిగ్గనేది ఉండాలి మనిషికి.

ఎనభైల్లో షావుకారు కూతురి పెళ్ళి కుదిరింది. ఈ మధ్య గాజు గిన్నె తెచ్చిన పిల్లే. చుట్టరికం ఉంది కాబట్టి శుభలేఖ ఇచ్చారు. అక్క ఆ శుభలేఖను చాలాసేపు చూసి, "పందిరికి గడలు మనం ఇద్దాము మే" అంది. ఆ జిన్ను షావుకారుకా అని నేను ఎగిరాను. "వాడికి కాదు. ఈ పొద ఒక్కసారి పెండ్లికి పోతే దీనికి పట్టిన పేరు పోతాది. అప్పుడన్నా సావుకు ఒక్కదానికే రారు."

బహుళపక్షం చూసి కొట్టించింది. వెన్నెల రోజుల్లో కొడితే పురుగు పడుతుందట. ముందు వరస తాకనివ్వలేదు. తానే పొద లోపలికి దూరి, ముదిరిన గడలు ఒక్కొక్కటీ కణుపులతో కొట్టి ఎంచింది. మోచేతుల దాకా గీరుకుపోయాయి. గడలు తొట్టిలో నానేసి, నీడలో ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిచింది. పెళ్ళికి ముందు మంగళస్నానం చేయించినట్టు, చివరలకు పసుపు పూసి కుంకుమ పెట్టి, కూలివాళ్ళతో పొద్దున్నే పంపింది. ఆ రోజు బళ్ళో ఆమె పిల్లల్ని ఒక్క దెబ్బ కొట్టలేదు.

సాయంత్రం మేం ఇల్లు చేరేసరికి గడలు తిరిగొచ్చాయి. వీధి వాకిట్లోకి కాదు. పాడెవాళ్ళు వచ్చే ఆ వెనక సందులో, దొడ్డి తలుపు ముందు పడేసి పోయారు. షావుకారు భార్య పనిమనిషి చేత కబురు మాత్రం పంపింది: "ఆ పెరటి బొంగులు మా వాకిట్లో ఎట్ల నిలబెడతామమ్మా, మీకు తెలీదా."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. గడలన్నీ ఒక్కొక్కటే లోపలికి ఈడ్చి, వెనక వసారా చూరు కింద తాళ్ళతో కట్టింది. పసుపు తుడిచేస్తానంటే నన్ను కసిరింది. "ఉండనీ. యాడికి పోతాది."

అవి అక్కడే ఉన్నాయి. వానలు, ఎండలు పోయాయి. పసుపు వెలిసింది గానీ పోలేదు.

ఒక మాఘమాసం, జిన్ను జోరుగా ఆడుతున్న రోజుల్లో, పొద్దున్నే ఆయన పోయాడు. అప్పటికి పచ్చగోడలో మళ్ళీ రెండు కంతలు, రెండిటికీ పాత చీరలు. వీధంతా వచ్చింది. షావుకారు కూడా వచ్చాడు, చుట్టరికం గుర్తొచ్చి, భుజాన కండువాతో. మగవాళ్ళలో ఒకాయన మచ్చుకత్తి తీసుకుని పెరట్లోకి నడిచాడు. అడగాలని కూడా తోచలేదు, అలవాటైపోయింది కదా. మొదటి దెబ్బ వినపడగానే శవం దగ్గర కూర్చున్న అక్క లేచింది. ఆడవాళ్ళు పట్టుకోబోతే విదిలించుకుని వచ్చి పొదకు అడ్డంగా నిలబడింది.

"కత్తి కింద పెట్టు."

బళ్ళో పిల్లల్ని కూర్చోమనే గొంతే అది. ఆయన తెల్లబోయాడు. "అమ్మా, ఆయప్పకే కదమ్మా."

"ఆయప్పకే. అందుకే వద్దంటాండా. ఆయప్ప ఊపిరి తీసుకునేదానికి పెట్టినాను దీన్ని, మోసుకపోయేదానికి కాదు. మీ అందరికీ ఇచ్చినాను. నా మనిషికి మాత్రం ఈన్నుంచి ఒక్క రెమ్మ కొట్టనీను."

షావుకారు ముందుకొచ్చాడు. "పచ్చి బొంగు లేకుండా ఎట్లమ్మా? శాస్త్రం ఉంటాది కదా. ఇప్పుడు యాడికని పోవల్ల?"

ఆమె చూరు కిందికి చెయ్యి చూపించింది. "ఆడుండాయి సూడన్నా. నీ కూతురి పందిరికి కొట్టించినవి. అవి తీసుకో."

"ఎండువి దీనికి పనికిరావమ్మా."

"పెండ్లికి పనికిరావంటిరి. సావుకూ పనికిరావంటావా? మా ఇంటిది ఏదీ దేనికీ పనికిరాదా? మీ నూగు మింగేదానికి ఒక్కదానికే పనికొచ్చినామా?"

మచ్చుకత్తి పట్టుకున్నాయన దాన్ని కింద పెట్టాడు. గోడ అవతల జిన్ను మాత్రం ఆడుతూనే ఉంది. యజమాని చుట్టం పోయిన పూట కూడా దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. చివరికి పురోహితుడే, "ఎండువైతేనేమి, కానీండి" అన్నాడు. తాళ్ళు విప్పి రెండు గడలు దించారు. ఎత్తేటప్పుడు షావుకారు వెనక కొనకు పోబోతుంటే ఆమె గడపలో నిలబడి, "ముందర నువ్వు పట్టన్నా, ఆ పసుపు పక్క" అంది. ఆయన పట్టాడు. వెలిసిన పసుపు మీద, కుంకుమ మరక మీద చెయ్యేసి, ఆ గడను భుజానికెత్తుకుని, ఆ వీధంతా మోశాడు. గట్టు మీద పెరిగిన వెదురు. వంగలేదు.

ఆ రోజు సాయంత్రానికే వీధిలో మాట పుట్టింది, మొగుడికి రెండు పచ్చి బొంగులియ్యని ఆడదని. ఆ మాట ఆమె రిటైరై హొళగుందలో చెల్లెలి ఇంటికి వెళ్ళి, అక్కడే పోయిన తర్వాత కూడా వీధిలో బతికే ఉంది. ఇల్లు కొన్నవాళ్ళు మొట్టమొదట చేసిన పని పొద తవ్వించడం. తూర్పు తెరుచుకుందని సంబరపడ్డారట. నూగు తినండి.

నాకు మాత్రం ఆమె అనగానే పాడె గుర్తురాదు. మూడోనాడు గుర్తొస్తుంది. ఇంట్లో బంధువులున్నారు, ఆమె గది దాటి బయటికి రాకూడదు. నేను పెరట్లోకి వెళ్ళేసరికి ఆమె కొంగు ముక్కుకు కట్టుకుని, ఆకుల మీద నూగును బకెట్టుతో కడుగుతోంది. మచ్చుకత్తి దెబ్బ పడిన గడకు తడి గుడ్డ చుట్టి ఉంది. లోపల ఖాళీ మంచం, కిటికీ తెరిచే ఉంది.

"అక్కా, ఇంక దేనికిదంతా? ఆయన లేడు కదా, కొన్నాళ్ళు ఊరుకోరాదా" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. నూగుకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"జిన్ను ఆగిందా మే?"

"లేదక్కా."

"గాలి ఆగిందా?"

కంతకు కట్టిన పాత చీర ఇంటివైపు ఉబ్బి ఉంది.

"మరి నాకు లేదా ఊపిరి?" అని బకెట్టు నా ముందు పెట్టింది.

నేను బావి దగ్గరికి వెళ్ళి నీళ్ళు చేదాను.